సబర్ పేరుతో మౌనం ఇంకెన్నాళ్ళు?

విజయవాడ వన్ టౌన్‌లో, పంజా సెంటర్‌కు దగ్గరలో, ఒక దుకాణం మేడమీది గదిలో ప్రతి ఆదివారం ఉదయం మేము కొందరం పెద్దలం పిల్లలతో కూర్చుంటాము. ఉద్యోగ విరమణ చేసినవాళ్ళం. జీవితంలో అధికభాగం ఫైళ్ళ మధ్య గడిపినవాళ్ళం. పిల్లలకు లెక్కలు చెప్పడం, ఉపకార వేతనాల దరఖాస్తులు నింపిపెట్టడం, కుల ధ్రువపత్రానికి ఏయే కాగితాలు జతచేయాలో చెప్పడం, ఇంతవరకే మా పని అనుకున్నాము. ఒక ఆదివారం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు అడిగిన ప్రశ్నతో అది చాలదని తెలిసివచ్చింది.

అంతకు ముందువారం భారత్, పాకిస్తాన్ మధ్య క్రికెట్ మ్యాచ్ జరిగింది. మరునాడు బడిలో తోటి పిల్లలు వాణ్ణి చుట్టుముట్టి "మీ టీమ్ ఓడిపోయిందిగా, ఏడ్చావా?" అన్నారు. వాడు ముందురోజు రాత్రి భారత్ గెలిచిందని వీధిలో టపాసులు కాల్చినవాడు. ఇంటికి వెళ్ళి చెబితే తల్లి "చుప్ రహో బేటా, సబర్ కరో" అన్నది. తండ్రి "ఎందుకొచ్చిన గొడవ, చదువుకో" అన్నాడు. వాడు మా దగ్గరకు వచ్చి అడిగాడు: "చాచా, సబర్ అంటే నోరు మూసుకోవడమేనా?"

మాలో ఎవ్వరికీ వెంటనే జవాబు తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉన్నది. ఆ తల్లి చెప్పిన మాటనే మేమూ మా పిల్లలకు చెప్పాము. మా తల్లిదండ్రులు మాకు చెప్పారు.

మేము నేర్చిన మౌనం

దాచుకోకుండా ఒప్పుకుందాము. సర్కారు కొలువుల్లో పనిచేసిన రోజుల్లో మమ్మల్ని మెచ్చుకోదలచినవాళ్ళు "మీరు మీవాళ్ళలాంటివారు కారు లెండి, సాయిబుగారూ" అనేవారు. మేము నవ్వి ఊరుకునేవాళ్ళం. ఆ మాటలో మెప్పు ఎవరికి, తిట్టు ఎవరికి అని ఆలోచించలేదు. మా ఒక్కరిని మెచ్చుకోవడానికి మా అమ్మానాన్నలను, మా వీధిని, మా మస్జిద్‌ను తిట్టవలసి వచ్చిందన్న సంగతి గ్రహించలేదు. గ్రహించినా నోరు మెదపలేదు. బదిలీపై కొత్త ఊరికి వెళ్ళి అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు, పేరు అడిగిన తరువాత "ఇల్లు మా బంధువులకు ఇచ్చేశామండీ" అన్న జవాబు విని, మారుమాట లేకుండా మెట్లు దిగాము. వారం తరువాత ఆ ఇంటికి టులెట్ బోర్డు అలాగే వేలాడుతుంటే తల తిప్పుకుని నడిచాము.

దానికి మేము సబర్ అని పేరు పెట్టుకున్నాము. అది సబర్ కాదు. సబర్ అంటే కష్టంలో నిలకడ, సత్యాన్ని విడవకపోవడం. మక్కాలో మండుటెండలో గుండెలపై బండరాయి మోస్తూ కూడా హజ్రత్ బిలాల్ (రజి) దేవుడు ఒక్కడే అని పలుకుతూనే ఉన్నారు. సహనానికి మనం చెప్పుకునే అతి గొప్ప ఉదాహరణ నోరు తెరచి మాట్లాడినవాడిది. మనం చేసినది భయం. భయపడడం నేరం కాదు. భయానికి దీన్ పేరు తగిలించి పిల్లలకు వారసత్వంగా ఇవ్వడం మాత్రం తప్పు.

నేటి పిల్లలకు ఆ వారసత్వం పనికిరాదు కూడా. మా కాలంలో అవమానం ఆఫీసులోనో బజారులోనో ఎదురయ్యేది. ఇంటికి వస్తే తలుపు వేసుకోవచ్చు. ఇప్పుడది సెల్‌ఫోన్‌లో, తరగతి వాట్సాప్ గ్రూపులో, రాత్రి పక్క మీదకు కూడా వస్తున్నది. 2020లో కరోనా మొదలైనప్పుడు తబ్లీగీ జమాత్ పేరు చెప్పి యావత్తు ముస్లిం సమాజాన్నీ వ్యాధికి కారకులన్నట్లు టీవీలు చూపించాయి. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, ఆ కేసులలో విదేశీయులను బలిపశువులను చేసినట్లు కనిపిస్తున్నదని వ్యాఖ్యానించి ఎఫ్ఐఆర్‌లను కొట్టివేసింది. ఆ తీర్పు ఎంతమంది పిల్లలకు చేరింది? అప్పుడు మూడో తరగతి, నాలుగో తరగతి చదువుతున్నవాళ్ళు ఇప్పుడు మా గదికి వస్తున్నారు. కూరగాయల బండి దగ్గర తన తండ్రి పేరు అడిగి వెనుదిరిగిన మనిషి ముఖం గుర్తున్న పిల్ల వారిలో ఉన్నది. ఆ సంగతి ఆమె మాకు చెప్పేవరకు ఇంట్లో ఎవరూ ఆమెతో దాని గురించి ఒక్క మాటైనా మాట్లాడలేదు. మనం మాట్లాడకపోతే పిల్లలు మరచిపోతారని అనుకుంటాము. వాళ్ళు మరచిపోరు. తప్పు తమలోనే ఉన్నదేమో అనుకుని లోలోపల కుమిలిపోతారు, లేదా అందరూ శత్రువులే అనుకుంటారు.

గదిలో లేచిన రెండో ప్రశ్న

కనుక మాట్లాడడం మొదలుపెట్టాము. రెండు వారాలపాటు పిల్లలు ఒక్కొక్కరే తమకు జరిగినవి చెప్పారు. "తురకోడు" అన్న పిలుపు, టిఫిన్ బాక్సు మీద వెటకారం, "టెర్రరిస్టు" అన్న సరదా, హిజాబ్ మీద గుసగుసలు. వింటున్న మాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మేము మంచి పని చేస్తున్నామన్న తృప్తి కూడా కలిగింది.

మూడో వారం ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచి నిలబడింది. వాళ్ళ నాన్న పరుపులు, దిండ్లు కుట్టి అమ్ముతారు. "చాచా, బడిలో నన్ను తురకదానా అన్నారు, నిజమే. కానీ మన వీధిలో పెళ్ళికి వెళితే మా అమ్మను దూదేకులది అని పక్కన కూర్చోబెట్టారు. ఉర్దూ రాదని నవ్వారు. ఇది కూడా చెప్పొచ్చా, లేక బయటివాళ్ళు అన్నవే చెప్పాలా?" అని అడిగింది. ఆ రోజు పెళ్ళిలో నవ్వినవారిలో మా తొమ్మిదో తరగతి అబ్బాయి కూడా ఉన్నాడట. వాడు తల వంచుకున్నాడు. మేమూ తల వంచుకున్నాము.

ఆ అమ్మాయి తండ్రి అంతకు ముందు ఒకసారి మా దగ్గరకు వచ్చి, కూతురి ధ్రువపత్రం కాగితాలు చూపిస్తూ గొంతు తగ్గించి "దూదేకుల అని కాకుండా షేక్ అని రాయించుకుంటే కుదరదా సార్?" అని అడిగిన సంగతి మాకప్పుడు గుర్తుకు వచ్చింది. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి జాబితాలో ఉన్నాయి. అది వారి హక్కు. దానిని వదులుకుని తప్పుడు పేరుతో ధ్రువపత్రం తెచ్చుకుంటే రేపు పిల్ల సీటుకే ఎసరు వస్తుందని ఆయనకు వివరించి పంపించాము. గుమాస్తా బుద్ధితో నిబంధన చెప్పాము గాని, హక్కుగా వచ్చిన కాగితం మీద కూడా తన బిరాదరీ పేరు చూసుకోవడానికి ఆయన ఎందుకు సిగ్గుపడవలసి వచ్చిందని అడగలేదు. ఆయనను సిగ్గుపడేలా చేసినది పరాయివాళ్ళు కారు. మనమే.

దీన్‌లో లేనిది, మహల్లాలో ఉన్నది

ఈ మాట ఎత్తగానే "ఇస్లాంలో కులం లేదు" అన్న జవాబు వస్తుంది. దీన్‌లో లేదన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఖుర్ఆన్ 49వ సూరా ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని, చెడ్డపేర్లతో పిలుచుకోవద్దని ఆదేశిస్తున్నది. జాతులు, తెగలు పరస్పరం గుర్తించుకోవడానికే గాని గొప్పలు చెప్పుకోవడానికి కాదని, దైవభీతి గలవాడే గౌరవనీయుడని బోధిస్తున్నది. దైవప్రవక్త (స) అంతిమ హజ్ ప్రసంగంలో అరబ్బుకు అరబ్బేతరుని మీద గాని, తెల్లవానికి నల్లవాని మీద గాని ఆధిక్యం లేదని ప్రకటించారు. అయితే ఈ ఆదేశాలు అవసరమైనది ఎందుకు? విశ్వాసులలో సైతం ఆ జబ్బు మిగిలి ఉండవచ్చు గనుకనే. హజ్రత్ అబూ జర్ర్ (రజి) అంతటి సహచరుడు కోపంలో ఒక మనిషిని తల్లి పుట్టుకను ఎత్తి కించపరిస్తే, నీలో ఇంకా అజ్ఞానకాలపు లక్షణం ఉన్నదని ప్రవక్త (స) ముఖం మీదనే మందలించారు. మన జమాత్‌లో అలాంటివి లేవని దాచిపెట్టలేదు. బయటివాళ్ళు వింటారని ఊరుకోలేదు. ఆ మందలింపును విని తప్పు ఒప్పుకోవడమే అబూ జర్ర్ (రజి) గొప్పతనం. మనకు మాత్రం అంతటివారికి కూడా అవసరమైన మందలింపు అక్కరలేదట!

"దీన్‌లో లేదు" అన్న మాటను "మనలో లేదు" అని మార్చి చెప్పడంలోనే మోసం ఉన్నది. మన పెళ్ళిసంబంధాల బయోడేటాలు తీసి చూడండి. "సయ్యద్ ఘరానా", "పఠాన్ కుటుంబమే కావాలి", "గోరీ లడ్‌కీ". సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదికలో అష్రఫ్, అజ్లఫ్, అర్జల్ అనే అంతరాలను చర్చించినది కల్పించి కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బీసీ-ఇ పేరున 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ముస్లింలందరికీ ఇవ్వలేదు. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు ఇలా వెనుకబడిన వర్గాలను పేర్కొని, సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులను మినహాయించింది. హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేయగా, 2010 మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల మన పిల్లలకు సీట్లు దక్కుతూ వచ్చాయి. ఆ వ్యాజ్యంలో మన పక్షం వాదన ఏమిటి? ఇది మతం పేరున ఇచ్చినది కాదు, సామాజికంగా వెనుకబడినందుకు ఇచ్చినది అని. సామాజికంగా వెనుకబడడమంటే ఎవరో వారిని తక్కువగా చూశారని అర్థం. కోర్టులో ఆ మాట చెప్పి, మహల్లాలో "మనలో అలాంటిదేమీ లేదు" అంటే మన కేసును మనమే ఓడించుకుంటున్నాము.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు విషయమూ అంతే. ఆ ఉత్తర్వులోని మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు నేటికీ బయటే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతపరమైన షరతును తొలగించమని సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలు కావాలని మనం కోరుతున్నాము. పాకీపని చేసిన తాతల మనుమలు మనలోనూ ఉన్నారని ఢిల్లీకి వినతిపత్రం పంపేవాళ్ళం, మన సఫ్‌లో భుజం కలిపి నిలబడిన ఆ మనుమడిని వలీమా దస్తర్‌ఖాన్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరచిపోతున్నాము?

రంగు సంగతి కూడా చెప్పాలి. బిలాల్ అని కొడుకుకు పేరు పెట్టుకుంటాము, కోడలు తెల్లగా ఉండాలంటాము. బీసీ-ఇ జాబితాలో ఉన్న సిద్దీలు, హబ్షీలు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరే హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేటకు నిలిచింది. ఈ చరిత్ర మన పిల్లలకు చెప్పము. కాస్త చామనఛాయగా ఉన్న పిల్లవాణ్ణి "కాలూ" అని పిలవడం మాత్రం ముద్దు అనుకుంటాము. ఆ ముద్దు మాటను భరించిన పిల్లవాడు ఏనాడూ దానిని ముద్దు అనుకోడు.

తూకం ఒక్కటే ఉండాలి

ప్రపంచంలో ఎక్కడ చూసినా ఇదే తంతు: తనకు జరిగితే జాతివివక్ష, తాను చేస్తే అలవాటు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో హైదరాబాద్ ఇంజినీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక తెల్లజాతీయుడు కాల్చి చంపాడు. తాను కాల్చినది ఇరానియన్లననే అనుకున్నాడు హంతకుడు. ఒక హిందూ యువకుణ్ణి బలిగొన్న ఆ ద్వేషం ముస్లింలుగా ఊహించుకున్నవారి మీదిది కూడా. తెలుగు నేల యావత్తూ దుఃఖించింది, జాతివివక్ష అని ముక్తకంఠంతో అన్నది. నెల దాటిన కొద్ది రోజులకే, మార్చి 27న, ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను గుంపు వెంటాడి షాపింగ్ మాల్‌లో కొట్టింది. అప్పుడు ఆఫ్రికా దేశాల రాయబారులు జాతివివక్ష అంటే మన ప్రభుత్వం ఆ మాట ఒప్పుకోలేదు. కాన్సాస్ విషయంలో చప్పున దొరికిన మాట నోయిడా దగ్గరకు వచ్చేసరికి ఎవరికీ దొరకలేదు.

అంతకు ముందు 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా జరిగిన ప్రపంచ సభలోనూ ఇదే వైఖరి. కులవివక్షను కూడా చర్చించాలని దళిత సంఘాలు కోరితే, కులం జాతి కాదని, అది మా ఇంటి విషయమని భారత ప్రభుత్వం అడ్డుపడింది. జాతివివక్ష నిర్మూలన ఒడంబడికలో మన దేశం 1968లోనే చేరింది. అందులో రంగు, జాతితో పాటు పుట్టుక ఆధారంగా చూపే వివక్ష కూడా ఉన్నది. పుట్టుక అంటే కులం కూడా అని ఆ ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2002లో స్పష్టం చేసింది. "మా ఇంటి విషయం" అన్న ప్రభుత్వాన్ని మనం తప్పుపట్టాము. దూదేకుల అమ్మాయి ప్రశ్నకు మన పెద్దలు చెప్పే జవాబు కూడా అదే కదా!

ఈ వాదనకు మన మధ్యనే అభ్యంతరాలు చెప్పేవారు ఉన్నారు. మొదటిది: బయట ఇంత దాడి జరుగుతున్నప్పుడు లోపలి లోపాలు చెప్పుకుంటే శత్రువుకు ఆయుధం ఇచ్చినట్లు కాదా? మన ఇంట్లో అవమానపడిన మనిషి మనతో గట్టిగా నిలబడగలడా అన్నది మా ఎదురుప్రశ్న. ఆయుధం ఇస్తున్నది నిజం చెప్పిన పిల్ల కాదు, పెళ్ళిలో నవ్వినవాళ్ళు. రెండోది: ఈ మాటలు పిల్లల లేత మనసులలో ద్వేషం నింపవా? ద్వేషం వాళ్ళ చెవులలో ఇప్పటికే పడుతున్నది. దానిని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే మనిషి లేకపోవడమే ప్రమాదం. మూడోది: మాట్లాడితే ఒరిగేదేమిటి? దీనికి జవాబు మన డెల్టాలోనే ఉన్నది.

2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. ఆ కేసులో పోలీసులు సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ణి ముద్దాయిగా నిలబెట్టారు. 2010లో విజయవాడ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష వేసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఎవరికో ఒకరికి శిక్ష పడిందని ఊరట చెందడం తేలిక. తెనాలికి చెందిన ఆ ముస్లిం దంపతులు ఆ ఊరటను తిరస్కరించారు. ఇతడు దోషి కాదు, అసలు దోషులను పట్టుకోండి అని ఏళ్ళ తరబడి బహిరంగంగా చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న హైకోర్టు సత్యంబాబును నిర్దోషిగా విడిచిపెట్టింది. తమ గుండెకోత తీరకపోయినా, దాని పేరిట మరొక పేదవాడికి అన్యాయం జరగనివ్వని ఆ దంపతుల గురించి మన పిల్లలకు చెప్పామా? మాట్లాడితే ఒరిగేదేమిటని అడిగేవారు ముందు వారిని తలచుకోవాలి.

ఇంట్లో, బడిలో, మస్జిద్‌లో

ఏం చేయాలో మా కొద్దిపాటి అనుభవం నుంచి చెబుతాము. పిల్లవాడు అవమానంతో ఇంటికి వచ్చినప్పుడు "నువ్వేం చేశావు?" అని మొదట అడగవద్దు. "ఏం జరిగింది?" అని అడిగి చివరిదాకా వినండి. అన్నది తప్పు మాట అని, ఆ తప్పు నీది కాదని స్పష్టంగా చెప్పండి. ఆపైన, అన్నవాళ్ళు నలుగురు అయితే నలుగురనే చెప్పండి, "వాళ్ళంతా ఇంతే" అనకండి. ఆనాడు బడిలో మన అబ్బాయి భుజం మీద చెయ్యి వేసి పక్కన కూర్చున్నవాడు కూడా హిందువే. ఆ సంగతి మేము అడిగితేనే వాడికి గుర్తుకువచ్చింది.

తరువాత కాగితం, కలం తీయండి. ఫైళ్ళు మోసిన అనుభవంతో చెబుతున్నాము, రాసిపెట్టనిది జరగనట్లే లెక్క. తేదీ, చోటు, అన్న మాట, విన్నవారు, ఇవి రాసుకుని తల్లిదండ్రులిద్దరూ బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయులకు మర్యాదగా, లిఖితపూర్వకంగా ఇవ్వండి. అందినట్లు సంతకం తీసుకోండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. మతం, జాతి, కులం పేరున వివక్ష చూపరాదని రాజ్యాంగం 15వ అధికరణం రాజ్యానికి విధించిన హద్దు. ఇవి పిల్లలకు పరీక్ష కోసం కాక, బతకడం కోసం తెలియాలి.

అయితే అదే కాగితంలో సగం మన తప్పులకు విడిచిపెట్టాలి. వారానికొకసారి భోజనాల దగ్గర రెండు ప్రశ్నలు అడగండి: ఈ వారం నిన్ను ఎవరు నొప్పించారు? నువ్వు ఎవరిని నొప్పించావు? పెద్దలు కూడా జవాబు చెప్పాలి. ఇంటికి చెత్త తీసుకువెళ్ళడానికి వచ్చే మునిసిపల్ కార్మికురాలిని ఎలా పిలిచామో, మంచినీళ్ళు ఏ గ్లాసులో ఇచ్చామో పిల్లలు చూస్తూనే ఉన్నారు.

మస్జిద్ కమిటీలను అడుగుతున్నాము. ఏడాదికి యాభై పైచిలుకు జుమా ఖుత్బాలు ఉంటాయి. అబూ జర్ర్ (రజి) ఉదంతం మీద, మన పెళ్ళిసంబంధాల మీద ఎన్ని చెప్పించారు? కమిటీలో ఎన్ని బిరాదరీల వారు ఉన్నారు? దూదేకుల, ఫకీరు, ధోబీ కుటుంబాల నుంచి ఒక్కరైనా ఉన్నారా? తెలుగే ఇంటి భాషగా గల ముస్లింను తక్కువ ముస్లింగా చూడడం ఆపుతామని మింబర్ మీది నుంచి ఎప్పుడు ప్రకటిస్తారు?

పోయిన ఆదివారం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒక నోటుబుక్కు కాగితం తెచ్చాడు. మధ్యలో గీత గీశాడు. ఎడమవైపు తనను అన్న మాటలు, కుడివైపు తాను అన్న మాటలు. కుడివైపు మొదటి వరుసలో పెళ్ళినాటి సంగతి ఉన్నది. ఆ కాగితం వాడు మాకు ఇవ్వలేదు, ఆ అమ్మాయికి ఇచ్చాడు. ఆమె చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకున్నది. ఏమీ అనలేదు. అనవలసిన అవసరం ఆమెకు లేదు.

మా కాగితం మేము ఇంకా రాయలేదు. ఈ వ్యాసం దాని మొదటి వరుస. వచ్చే జుమాలోగా ప్రతి ఇంటి పెద్దా ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయాలని, కుడివైపునుంచి రాయడం మొదలుపెట్టాలని కోరుతున్నాము.